పాట దారిలో దొరకదు

(ఆకాశవాణి స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఇవాళ మీతో పుస్తకాల గురించి మాట్లాడదామని వచ్చాను. పుస్తకాలంటే నవలలూ కావు, వంటల పుస్తకాలూ కావు. పల్లెపాటలు, పల్లెకథలు పాడి జనాన్ని మెప్పించినవాళ్ళు తమ గురించి తాము చెప్పుకున్న పుస్తకాలు, వాళ్ళ గురించి ఇతరులు రాసిన పుస్తకాలు. పదో తరగతితో చదువు ఆపేసిన ఇల్లాలికి ఈ పుస్తకాల గొడవ ఎందుకు పట్టుకుందని మీరడగొచ్చు. అది చెప్పాలంటే ముందు నేను చేసిన ఒక పొరపాటు చెప్పుకోవాలి.

మూడేళ్ళ కిందట ఇదే కార్యక్రమంలో దంపుళ్ళ పాటల మీద మాట్లాడాను. అందులో మా అత్తయ్యగారి పాట ఒకటి పాడాను. అత్తవారింటికి వెళ్ళే పిల్ల పడవెక్కి, రేవు దూరమవుతున్నకొద్దీ పుట్టింట్లో వదిలేసి వచ్చినవన్నీ ఒక్కొక్కటే లెక్కపెట్టుకునే పాట అది. పాడేముందు, పెద్దలు చెప్పగా విన్న మాటే నేనూ వల్లించాను. "ఇది మన గోదావరి ప్రాంతపు జానపద గీతం. కర్త ఎవరో తెలియదు" అన్నాను.

రికార్డింగు ముందే అయిపోయింది కనుక ప్రసారమైన రోజున నేనూ ధవళేశ్వరంలో ఇంట్లోనే ఉన్నాను. ఇరుగుపొరుగు నలుగురూ వచ్చి కూర్చున్నారు. అత్తయ్యగారు గోంగూర ఆకు దూస్తూ మొదటినుంచి చివరిదాకా విన్నారు. వచ్చినవాళ్ళు "మీ కోడలు ఎంత బాగా పాడిందండీ" అని మెచ్చుకుని వెళ్ళిపోయారు. అప్పుడు ఆవిడ అన్నారు: "బాగానే పాడావమ్మాయ్. కాని, పాట దారిలో దొరికినట్టు చెప్పావేం?"

నా దగ్గర జవాబు లేదు. ఆవిడ ఇంకేమీ అనలేదు, ఆకు చేటలో వేసుకుని లోపలికి వెళ్ళిపోయారు. తరవాత రేడియోవాళ్ళ చెక్కు వచ్చింది. అదీ నా పేరుతోనే వచ్చింది. ఆ చెక్కు చేతిలో పట్టుకున్నప్పుడు అత్తయ్యగారి మాట మళ్ళీ వినబడింది. పాట ఆవిడది, గొంతు నాది, పేరు నాది, డబ్బు నాది. మరి ఆవిడకేం మిగిలింది? "కర్త ఎవరో తెలియదు" అన్న మాట.

అప్పటినుంచి రాజమండ్రి వెళ్ళినప్పుడల్లా గౌతమీ గ్రంథాలయంలో కాసేపు కూర్చోవడం అలవాటు చేసుకున్నాను. పాటల పుస్తకాలు మనకు తక్కువేం లేవు. మన రాజమండ్రి పక్కనున్న కొంతమూరులో పుట్టిన నేదునూరి గంగాధరం గారు ఊరూరా తిరిగి పాటలూ సామెతలూ పోగుచేశారు. ఆయన పుస్తకాల్లో కొన్నిటి పేర్లు 'సెలయేరు', 'మున్నీరు', 'పన్నీరు'. గోదావరి గట్టున పుట్టినవారు కదా, అన్నీ నీళ్ళ పేర్లే. 'కృష్ణశ్రీ' అనే పేరుతో శ్రీపాద గోపాలకృష్ణమూర్తి గారు మన ఆడవాళ్ళు పాడుకునే రామాయణపు పాటలు అచ్చువేయించారు. బిరుదురాజు రామరాజు గారి పెద్ద గ్రంథం 'తెలుగు జానపద గేయ సాహిత్యము' 1958లో వచ్చింది. ఈ పెద్దలు పూనుకోకపోతే ఊర్మిళాదేవి నిద్రలాంటి పాటలు మన అమ్మమ్మలతోనే పోయేవి. వారికి మనం ఎంతైనా ఋణపడి ఉన్నాం.

అయితే పాటల పుస్తకం వేరు, పాడినవాళ్ళ పుస్తకం వేరు. పాట చదివితే పాట తెలుస్తుంది. అది పాడిన మనిషి ఏం తిన్నది, ఎవరి దగ్గర నేర్చుకున్నది, ఎవరు వద్దన్నారు, ఎందుకు మానలేదు అనేవి తెలియాలంటే ఆ మనిషి నోరు విప్పాలి. అలాంటి పుస్తకాలు వెతికితే కొన్నే దొరికాయి. వాటిలో రెండు మూడింటి గురించి చెబుతాను.

మొదటిది మన గోదావరి ప్రాంతపు ఆడపడుచుది. వింజమూరి అనసూయాదేవి గారు 1920లో కాకినాడలో పుట్టారు. ఆవిడ తల్లి వెంకటరత్నమ్మ గారు 'అనసూయ' అనే స్త్రీల పత్రిక నడిపిన సంపాదకురాలు. పత్రిక పేరే కూతురికీ పెట్టుకున్నారు. కవి దేవులపల్లి కృష్ణశాస్త్రి గారు మేనమామ. అలాంటి ఇంట్లో పుట్టిన పిల్ల హార్మనీ ముందు కూర్చుని, పొలంగట్ల మీద కూలివాళ్ళు పాడే పాటలు సభల్లో పాడితే ఆ రోజుల్లో ఎలా ఉండి ఉంటుందో ఊహించండి. ఆవిడా, చెల్లెలు సీతాదేవి గారూ కలిసి పల్లెపాటను సభలకీ, గ్రామఫోను రికార్డులకీ, రేడియోకీ తీసుకొచ్చారు. సీతాదేవి గారు హైదరాబాదు ఆకాశవాణిలో జానపద సంగీతం ప్రొడ్యూసరుగా పనిచేశారు, 'మా భూమి' సినిమాకు సంగీతం కూర్చారు. అనసూయాదేవి గారు 2019లో అమెరికాలోని హ్యూస్టన్‌లో తొంభై ఎనిమిదేళ్ళ వయసులో కన్నుమూశారు. ఆవిడ ఆత్మకథ పేరు 'అసమాన అనసూయ'.

ఆ పేరు మొదటిసారి విన్నప్పుడు, నిజం చెప్పొద్దూ, "అబ్బో, ఎంత ధీమా!" అనుకున్నాను. తరవాత నాకే సిగ్గేసింది. మగవాళ్ళు పేరుకు ముందు నాలుగు బిరుదులు తగిలించుకుంటే మనకేం వింతగా ఉండదు. తొంభై ఏళ్ళు పైబడి బతికి, పాటనే నమ్ముకున్న ఒక ఆడమనిషి నాకు సాటి లేదని చెప్పుకుంటే మాత్రం నొసలు ముడేస్తాం. తన పేరు తను చెప్పుకోవడం తప్పన్నట్టు మనల్ని పెంచారు. అందుకేనేమో ఇంత పాట పాడిన మన ఆడవాళ్ళ పేర్లు ఇంత తక్కువగా మిగిలాయి.

రెండో పుస్తకం బుర్రకథ పితామహుడని పేరుపొందిన షేక్ నాజర్ గారిది. చూడండి విచిత్రం, ఆయన పుట్టిందీ 1920లోనే. గుంటూరు జిల్లా పొన్నెకల్లు ఊరు. దూదేకుల కుటుంబం, కటిక పేదరికం. ఆయన తంబురా భుజాన వేసుకుని అందెలు కట్టి అడుగు వేస్తే, అటూ ఇటూ వంతలు తందాన అంటే, వేలమంది జనం కదలకుండా కూర్చునేవారు. పల్నాటి యుద్ధం, బొబ్బిలి, అల్లూరి సీతారామరాజు కథలు ఆయన నోట విన్నవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1986లో పద్మశ్రీ వచ్చింది, 1997లో వెళ్ళిపోయారు. ఆయన తన జీవితం చెబుతూ ఉంటే అంగడాల వెంకట రమణమూర్తి గారు రాశారు. ఆ పుస్తకం పేరు 'పింజారి'.

పింజారి అంటే దూది ఏకేవాడు. కాని మన ఇళ్ళల్లో ఆ మాట ఎలా వాడతామో మీకు తెలుసు. పిల్లవాణ్ణి తిట్టాలంటే "పింజారి వెధవ" అంటాం. నేనూ అన్నదాన్నే. పద్మశ్రీ అందుకున్న కళాకారుడు ఆ తిట్టునే తీసుకుని తన బతుకు పుస్తకానికి పేరుగా పెట్టుకున్నాడు. ఆ అట్ట చూశాక ఆ మాట మళ్ళీ నా నోట రాలేదు.

ఈ సంగతి ఫోనులో మా అమ్మాయికి చెప్పాను. అది అమెరికాలో చదువుకుంటోంది. "అమ్మా, ఇక్కడా అచ్చం అలాంటి పుస్తకమే ఉంది" అని లొరెట్టా లిన్ అనే గాయని కథ చెప్పింది. వాళ్ళ పల్లెసంగీతాన్ని అక్కడ కంట్రీ మ్యూజిక్ అంటారట. కెంటకీ కొండల్లో బొగ్గుగని కూలీ కూతురు ఈ లొరెట్టా. చిన్నతనంలోనే పెళ్ళి, వెంటవెంటనే నలుగురు పిల్లలు. మొగుడు పదిహేడు డాలర్లు పెట్టి ఒక గిటారు కొనిస్తే, ఇంటిపని చేసుకుంటూ తనంతట తను నేర్చుకుంది. ఇల్లు, మొగుడు, కాన్పులు, చాకిరీ, వీటి మీదే పాటలు కట్టింది. 1976లో ఆమె చెబుతుంటే జార్జ్ వెక్సీ అనే పత్రికా విలేఖరి రాసిన పుస్తకం 'కోల్ మైనర్స్ డాటర్', అంటే బొగ్గుగని కూలీ కూతురు. 1980లో అది సినిమాగా కూడా వచ్చింది. 2022లో తొంభై ఏళ్ళ వయసులో ఆమె పోయింది.

పొన్నెకల్లెక్కడ, కెంటకీ ఎక్కడ! ఈయన పింజారినన్నాడు, ఆమె బొగ్గుగని కూలీ కూతుర్నంది. ఇద్దరూ నోటితో చెప్పారు, చేయి తిరిగినవాళ్ళు పక్కన కూర్చుని రాసిపెట్టారు. రాసినాయన పేరు రెండు పుస్తకాల్లోనూ ఉంది, కాని పుస్తకం మాత్రం చెప్పిన మనిషిదే.

ఇంకొక్క చిన్న సంగతి. పద్నాలుగు నిండకముందే తనకు పెళ్ళయిందని లొరెట్టా ఆ పుస్తకంలో చెప్పుకుంది. 2012లో పత్రికలవాళ్ళు పాత కాగితాలు బయటికి తీస్తే అప్పటికి ఆమెకు పదిహేనేళ్ళని తేలింది. మనిషి చెప్పినదాన్ని గౌరవంగా రాసుకోవాలి, వీలున్నచోట కాగితంతో సరిచూసుకోవాలి కూడా.

మన పల్నాటి వీరుల కథ విషయంలో ఒక విదేశీయుడు చేసిన పని కూడా చెప్పకుండా ఉండలేను. జీన్ రోగేర్ అనే ఆయన ఆ కథను పాడించుకుని రాసుకుని, ఇంగ్లీషులోకి మార్చి, 1982లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళ ద్వారా పుస్తకంగా తెచ్చాడు. ఆ పుస్తకం పేరు చివర ఒక మాట ఉంది, "అలిశెట్టి గాలెయ్య పాడినది" అని. అట్టలోపల ఏ మూలో కాదండీ, పుస్తకం పేరులోనే పాడినాయన పేరు ఉంది. కర్త ఎవరో తెలియని కథే అది. అయినా పాడినవాడెవరో తెలుసు కదా, అది చెప్పాడు. నేను రేడియోలో చెయ్యనిది ఇదే.

మా ఊరినే చూడండి. 1847లో మొదలుపెట్టి 1852కి ఇక్కడ గోదావరికి ఆనకట్ట కట్టారు. కాటన్ దొర పేరు పసిపిల్లల్నడిగినా చెబుతారు. విగ్రహాలున్నాయి, మ్యూజియం ఉంది. ఉండవలసిందే. కాని ఐదేళ్ళు ఎండలో రాళ్ళు మోసిన ఆడామగా కూలివాళ్ళు పాట లేకుండా మోసి ఉంటారా? ఆ పాటల్లో ఎన్ని మిగిలాయి? పాడినవాళ్ళ పేరు ఒక్కటైనా మనకు తెలుసా? సాయంత్రం గట్టుమీద నడుస్తున్నప్పుడు నాకు ఈ ఆలోచనే వస్తుంది.

అందుకని మా ఇంట్లో ఒక రెండువందల పేజీల నోటుపుస్తకం కొన్నాను. మొదట్లో అత్తయ్యగారిని కుర్చీలో కూర్చోబెట్టి "పాడండి" అన్నాను. గొంతు పెగల్లేదు. రెండు చరణాలు పాడి "మరిచిపోయానే" అన్నారు. మర్నాడు పెరట్లో పప్పు విసురుతూ, తనంతట తనే ఏడు చరణాలు పాడేశారు! చెయ్యి ఆడితేగాని ఆ పాటలు రావని అప్పుడు తెలిసింది. ఇప్పుడు ఆవిడ పని చేసుకుంటుంటే ఫోను పక్కన పెట్టి పట్టుకుంటాను, రాత్రి తీరిగ్గా రాస్తాను. ఆవిడ పలికినట్టే రాస్తాను. వ్యాకరణం దిద్దను. ఎక్కడ ఊపిరి తీసుకున్నారో, ఎక్కడ నవ్వారో అది కూడా పక్కన రాస్తాను.

కిందటి వారం, ఈ ప్రసంగం రాసుకుంటూ, "అత్తయ్యగారూ, ఈసారి రేడియోలో మీ పేరు చెబుతాను" అన్నాను. సంతోషిస్తారనుకున్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "నా పేరు నీ పుస్తకంలో ఉంది, చాల్లే. ఆ పడవ పాట నాకు నేర్పింది ఆత్రేయపురం అమ్మమ్మ. రేడియోలో చెబితే ముందు ఆవిడ పేరు చెప్పు" అన్నారు.

"ఆవిడ పేరేమిటండీ?" అన్నాను, కలం తీసి.

అత్తయ్యగారు నోరు తెరిచి, అలాగే ఆగిపోయారు. ఆత్రేయపురం అమ్మమ్మ అంటే ఆత్రేయపురం అమ్మమ్మే. అందరూ అలాగే పిలిచేవారు. ఆవిడకో పేరుంటుందని ఎవరికీ తోచలేదు. చుట్టాలకు ఫోన్లు చేశాం. ఒకరు ఒక పేరు చెప్పారు, ఇంకొకరు అది కాదన్నారు. పాత దస్తావేజుల్లో వెతుకుతామని మరొకరు మాట ఇచ్చారు. ఆ రాత్రి అత్తయ్యగారు సరిగా అన్నం తినలేదు. "ఇన్ని పాటలు నేర్పింది, పేరడగలేదే నేను" అని రెండుసార్లు అన్నారు.

అందుచేత సోదరీమణులారా, ఈసారి కూడా పేరు చెప్పలేకపోతున్నాను. నోటుపుస్తకంలో ఆ పాట పైన ఒక గీత ఖాళీగా వదిలి, పక్కన "ఆత్రేయపురం అమ్మమ్మ" అని రాసి ఉంచాను. దస్తావేజుల్లో దొరికితే ఆ ఖాళీ నింపుతాను.

మీరు నాలా ఆలస్యం చెయ్యకండి. మీ ఇంట్లో పాట వచ్చిన పెద్దావిడ ఎవరైనా ఉంటే, ఇవాళ పనులయ్యాక ఆవిడ పక్కన కూర్చోండి. పాట తరవాత అడగొచ్చు. ముందు ఆవిడ పూర్తి పేరు, పుట్టింటిపేరు, ఆవిడకు పాట నేర్పినావిడ పేరు రాసుకోండి.