అధికారి అడగాల్సిన ప్రశ్న



ముప్పాళ్ళలో ఈ సదస్సుకు నన్ను అధ్యక్షుణ్ణి చేశారు. పంతుళ్ళకు అధికారులు అండగా ఉండడమెలా అన్నది ఇవాళ్టి విషయం. మన భాషాచరిత్రలోనే దానికి గొప్ప ఉదాహరణ ఉంది. మనం దాన్ని గ్రాంథిక వ్యావహారిక వివాదంగానే చదువుకున్నాం.

1906 ప్రాంతంలో ఉత్తర సర్కారు జిల్లాల్లో జె.ఎ. యేట్స్ బడుల ఇన్‌స్పెక్టరు. జనం మాట్లాడే తెలుగు ఒకటి, బడిపుస్తకంలో తెలుగు ఇంకొకటి ఎందుకయిందని ఆయనకు సందేహం కలిగింది. ఆ సందేహాన్ని తెలిసినవాళ్ళ ముందు పెట్టారు. గురజాడ అప్పారావు, విశాఖ ఏ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, పర్లాకిమిడిలో పాఠాలు చెప్పే గిడుగు రామమూర్తి ఆయనతో కలిశారు. గిడుగు 1880 నుంచీ ఉపాధ్యాయులు. సవర గిరిజన పిల్లల కోసం వాళ్ళ భాష నేర్చుకుని, పుస్తకాలు రాసి, సొంత ఖర్చుతో బడులు పెట్టిన మనిషి. అలాంటివారికి ఇంకొకరు ఉత్సాహం నూరిపోయనక్కర్లేదు. యేట్స్ చేసిందల్లా, తనకు తెలియనిది పంతులుకు తెలిసి ఉంటుందని నమ్మి అడగడం. ఆ ప్రశ్నను పట్టుకుని గిడుగు 1940లో కన్నుమూసేదాకా పోరాడారు.

ఇవాళ బడికొచ్చే అధికారి అడిగేదేమిటి? యాప్‌లో హాజరు పడిందా, ఫొటో ఎక్కిందా. మన మిరప కోతలే చూడండి. సంక్రాంతి దాటాక పెద్దపిల్లలు చేలకు పోతారు, లేదా ఇంట్లో చంటిపిల్లల్ని చూసుకుంటారు. కర్నూలు వైపు నుంచి వలసొచ్చిన కూలీల పిల్లలు గట్లమీదే ఉంటారు. హాజరు ఎందుకు తగ్గిందని సంజాయిషీ అడిగితే ఒక్క పిల్లా బడికి రాదు. ఏ ఇంటికి ఏ వేళప్పుడు వెళ్తే తల్లి దొరుకుతుందో ఆ ఊరి పంతులమ్మకు తెలుసు. ఆమెను అడగండి. అడిగాక ఆమె కోరింది ఇవ్వండి: ఒక పూట వెసులుబాటు, ఆ పూట తరగతి చూసే మనిషి. ఏకోపాధ్యాయ బడికి ఆ మనిషిని పంపాల్సింది విద్యాధికారులైన మీరే.

ఆ వెసులుబాటుకు చట్టం అండ కూడా ఉంది. 2009 విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ ప్రకారం జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప చదువుకు సంబంధం లేని పనులు ఉపాధ్యాయులకు అప్పగించకూడదు. ఆ సెక్షన్ చూపించి పైవాళ్ళకు 'కుదరదు' అని చెప్పగలిగే హెడ్మాస్టరు ఉన్న బడిలో పనిచేయడం ఎంత ధైర్యమిస్తుందో మీలో కొందరికి అనుభవమే.

పంతుళ్ళు ఒకరినొకరు అడగడానికీ చోటుండాలి. 1980లలో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ప్రాథమిక విద్యా పథకం ఏపెప్ ఉపాధ్యాయ కేంద్రాలు పెట్టింది. పంతుళ్ళు తాము చేసిన బోధనసామగ్రి తెచ్చి, తోటివాళ్ళ ముందు పాఠం చెప్పి, లోటుపాట్లు మాట్లాడుకునేవారు. స్కూల్ కాంప్లెక్సు సమావేశాలు మళ్ళీ అలా జరగాలి. అక్కడ చదివి వినిపించే సర్క్యులర్లు ఫోన్లలో ఎవరికివారు చదువుకోగలరు.

మధ్యాహ్నం చర్చకు ఒక నియమం పెడుతున్నాను. ముందు ఏకోపాధ్యాయ బడుల వాళ్ళు మాట్లాడతారు, తర్వాత ప్రధానోపాధ్యాయులు. మండల విద్యాధికారులు (ఎంఈఓలు), పైఅధికారులు ఆఖర్న మాట్లాడాలనీ, అందాకా విన్నది రాసుకోవాలనీ నా మనవి.