క్రిస్మస్ నాటి మన మాటలు

(తడలో జరిగిన సంఘ కుటుంబముల కూటములో ఒక గురువు చేసిన ప్రసంగ పాఠము)



కరపత్రములో "క్రిస్మస్ సందేశము" అని అచ్చువేశారు గాని నేను సందేశమేమీ సిద్ధపరచుకొని రాలేదు. క్రిస్మస్ వారములో మనము ఏమి మాట్లాడుకొంటాము, ఏమి చూస్తాము, పేపరులో వచ్చిన వార్త మీద ఏ అభిప్రాయము చెప్పి లేచిపోతాము అన్న సంగతినే ఎత్తుకొన్నాను. ఇదేమి విషయమని పెద్దలు కొందరు నవ్వవచ్చును. కడవరకు వినండి.

డిసెంబరు వచ్చిందంటే తడలో మన మాటలు ఏ సంగతుల చుట్టూ తిరుగుతాయో మీకు తెలుసు. వాన పడుతుందా, పడదా. బట్టలకు వణ్ణారపేట పోదామా, సూళ్ళూరుపేటలోనే తీసుకొందామా. లోకల్ రైలు ఎంత లేటు. ఎవరింట్లో అరిసెలకు పాకము ముదిరింది. పులికాట్ రొయ్య ఈ ఏడు ఎంత ధర పలుకుతున్నది. వీటిలో తప్పేమీ లేదు. మన ప్రాంతమునకు సువార్త తెచ్చిన హెర్మన్స్‌బర్గు మిషనరీలు 1865లో సూళ్ళూరుపేటలో దిగారు. వారి దేశములో క్రిస్మస్‌కు ఇంట్లో ఒక చెట్టు నిలబెడతారు. ఆ చెట్టు మనకెక్కడ దొరుకుతుంది? సరుగుడు కొమ్మ నరికి తెచ్చి బకెట్టులో ఇసుక పోసి నిలబెట్టుకొన్నాము. అది నిటారుగా నిలబడిందా, వంగిందా అన్న వాదన మా చిన్నప్పుడు గుడిలో ప్రతి ఏటా జరిగేది. ఇప్పుడు పారిస్ కార్నరు నుండి ప్లాస్టిక్ చెట్టు తెస్తున్నారు. అది వంగదు, కనుక వాదన కూడా పోయింది.

వినోదము సంగతికి వస్తాను. మద్రాసులో దూరదర్శన్ 1975లో మొదలైనది. తరువాత కొన్నేళ్ళకు మన ఊరిలో పొడుగాటి గొట్టము నిలబెట్టి, పైన యాంటెన్నా కట్టి, ఒకరు మిద్దె మీద త్రిప్పుతుంటే క్రింద ఒకరు "వచ్చింది, పోయింది" అని కేకలు వేసేవారు. మా వీధి పెద్దాయన ఒకరు దానిని సాతాను పెట్టె అనేవారు. 1987 జనవరిలో ఆదివారము ఉదయము రామాయణము ధారావాహికము మొదలయ్యేసరికి ఆరాధనలో బెంచీలు పలచబడ్డాయి. ఆ పెద్దాయనకు కోపము ఇంకా పెరిగింది. కాని 1978లో వచ్చిన 'కరుణామయుడు' చిత్రమును క్రిస్మస్ రాత్రి తెల్లగుడ్డ కట్టి ఊరి నడుమ వేసినప్పుడు అందరికంటె ముందు చాప పరచుకొన్నది ఆయనే. విజయచందర్ గారు సిలువ మోస్తుంటే ఆయన పైపంచెతో కళ్ళు తుడుచుకొన్నారు. దానిని గూర్చి తరువాత అడిగితే, "అది వేరు, ఇది వేరు" అన్నారు. మన అభిప్రాయములు చాలామట్టుకు ఇలాగే ఉంటాయి, నావి కూడా.

మన సంఘపు ఆడబిడ్డ ఒకతె ఐర్లండు దేశములో డబ్లిను నగరమున నర్సుగా పనిచేస్తున్నది. పోయిన క్రిస్మస్‌కు ఫోను చేసి, "అయ్యగారూ, ఇక్కడ పండుగ రోజు బస్సు లేదు, రైలు లేదు, ఊరంతా మూసిపెట్టినారు, డ్యూటీకి నడిచి పోతున్నాను" అన్నది. అక్కడ క్రిస్మస్ దినమున సారా దుకాణములు సయితము తెరువకూడదని 1927 నాటి చట్టము. గుడ్ ఫ్రైడేకు ఉన్న అదే నిబంధనను 2018లో ఎత్తివేశారు గాని క్రిస్మస్‌కు అలాగే ఉంచారు. మరి వాళ్ళేమి మాట్లాడుకొంటారమ్మా అని అడిగాను. వాన, రైలు, విదేశాల నుండి ఎవరి పిల్లలు ఇల్లు చేరారు, ఎవరు చేరలేదు. అంతే అన్నది. పండుగకు ముందు అక్కడి టెలివిజనులో పిల్లల బొమ్మల కార్యక్రమమొకటి వస్తుందట, 1975 నుండి ప్రతి ఏటా. దేశములో చాలామంది దానిని చూచి, మరునాడు అది బాగున్నదని కొందరు, పాడైపోయినదని కొందరు వాదించుకొంటారట. తడకూ డబ్లినుకూ పెద్ద తేడా లేదు.

ఇంకొక సంగతి కూడా చెప్పింది. జనవరి 6వ తేదీని అక్కడ స్త్రీల క్రిస్మస్ అంటారట. ఆ రోజు వంట, అంట్లు మగవారు చూచుకొంటారు, ఆడవారు ఒకచోట కూడి టీ త్రాగుతారు. ఈ మాట స్త్రీల సమాజములో చెప్పగా చప్పట్లు మ్రోగాయి. సంఘ కమిటీలో చెప్పగా ఎవరూ నోరు మెదపలేదు.

ఇక వార్తలు. లూకా సువార్త 13వ అధ్యాయము మొదట ఒక సంగతి ఉన్నది. పిలాతు చంపించిన గలిలయుల వార్తను కొందరు ప్రభువు దగ్గరకు తెచ్చారు. సిలోయములో గోపురము కూలి చచ్చిన పదునెనిమిది మందిని ఆయనే జ్ఞాపకము చేశారు. ఆ కాలపు జనుల అభిప్రాయము మన టీ అంగడి అభిప్రాయము వంటిదే: వాళ్ళేదో పాపము చేసి ఉంటారు, అందుకే అలా జరిగింది. ప్రభువు ఆ అభిప్రాయమును ఒప్పుకొనలేదు. వేదాంత కళాశాలలో ఈ భాగము మీద నాకు మంచి మార్కులే వచ్చాయి. ఆ మార్కుల సంగతి తరువాత మీకే తెలుస్తుంది.

2004లో క్రిస్మస్ శనివారము వచ్చింది. మరునాడు, 26వ తేదీ ఆదివారము ఉదయము సముద్రము లేచింది. మన రాష్ట్రములోనే నూరుమందికి పైగా పోయారు, తమిళనాడులో వేలమంది. పండుగకు చేసిన పిండివంటలు ఇంట్లో ఉండగానే టీవీలో శవములను చూచాము. ఆ వారములోనే, ఆ తీరము వారు ఫలానా పాపము చేశారు కనుక అని చెప్పినవారు మనలో లేరా? అన్ని మతముల వారిలోనూ ఉన్నారు. అప్పుడు నాకు ఒళ్ళు మండింది. సిలోయము గోపురమును ఎత్తి చూపి వాదించాను కూడా.

ఆరేళ్ళు గడిచాయి. 2010లోనూ క్రిస్మస్ శనివారమే. నేను ఆర్డినేషను పొంది ఏడాది కాలేదు, ఈ సంఘములోనే సహాయ గురువుగా ఉన్నాను. ఆ సాయంకాలము నాలుగు గంటల నాలుగు నిమిషములకు శ్రీహరికోట నుండి జి.ఎస్.ఎల్.వి.-ఎఫ్06 రాకెట్టు లేచింది. జీశాట్-5పి అనే ఉపగ్రహము అందులో ఉన్నది. మన పిల్లలు కొత్త బట్టలతో మిద్దెలెక్కి ఉన్నారు. సరస్సు మీదుగా అది తెల్లగా పైకి పోతూ ఉండి, నిమిషము గడిచేసరికి నిప్పు ముక్కలై చెదిరింది. ఒక దశ విడిపోయిందనుకొని పిల్లలు చప్పట్లు కొట్టారు. పెద్దవాళ్ళు కొట్టలేదు.

చీకటి పడేలోపల తడ అంతా అభిప్రాయములే. శనివారము మంచిది కాదని ఒకరు. ముహూర్తము చూడలేదని ఒకరు. మనవారిలో చాలామంది, ప్రభువు పుట్టిన దినమున పని పెట్టుకొన్నందుకు ఇలా అయిందన్నారు. మరునాడు ఆదివారము. సిద్ధము చేసుకొన్న ప్రసంగమును ప్రక్కన పెట్టి, నేను బాబెలు గోపురము మీద మాట్లాడాను. మనిషి ఆకాశమును అంటబోయిన గర్వము, దేవుడు చెదరగొట్టిన విధము. గొంతు బాగా లేచింది. యౌవనస్థులు తలలూపారు. బయట ఇద్దరు చేయి పట్టుకొని, మంచి వర్తమానమయ్యగారూ అన్నారు.

మూడవ బెంచీలో కూర్చునే సహోదరుడొకరు ఆ తరువాత గుడికి రాలేదు. భార్య, పిల్లలు వస్తున్నారు. నైట్ షిఫ్టు అనుకొన్నాను. శ్రమల కాలములో ఇండ్లు దర్శిస్తూ ఆయన ఇంటికి వెళ్ళాను. కాఫీ ఇచ్చారు. చాలాసేపటికి ఆయన అన్న మాటలు ఇవి:

"అయ్యగారూ, ఇరవై ఏండ్లుగా కోటలో కాంట్రాక్టు కింద కరెంటు పని చేస్తా ఉండాను. పండగ రోజు డ్యూటీ పడితే పోయినాను. పిల్లకాయలు కొత్త బట్టలు వేసుకునింది కూడా చూడలేదు. అది చెదిరిపోయినప్పుడు తల నెరిసినోళ్ళు మాట లేకుండా నిలబడిపోయినారు. మరుసటి దినము నెమ్మది దొరుకుతుందని గుడికి వస్తే, మీరు నన్ను బాబెలు కట్టినోణ్ణి చేసినారు."

నాకు మాట రాలేదు. తరువాత విచారణలో తేలిన కారణము ఏమిటంటే, క్రయోజెనిక్ దశ అడుగున ఉన్న కొన్ని కనెక్టర్లు వేళగాని వేళ ఊడిపోయాయి, పైనున్న కంప్యూటరు ఆజ్ఞలు క్రింది దశకు చేరలేదు, రాకెట్టు అదుపు తప్పింది, ప్రమాదము జరుగకుండ దానిని పైనే పేల్చివేశారు. గర్వమును గూర్చి అందులో ఏమీ లేదు. అదే కోట నుండి 2016 సెప్టెంబరులో ఇన్సాట్-3డిఆర్ అనే వాతావరణ ఉపగ్రహమును పంపారు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను మన మీదికి వస్తున్నదని ముందుగా తెలిసి పడవలు ఒడ్డుకు చేరినవంటే, అటువంటి కళ్ళు పైన ఉండబట్టే గదా. బాబెలు అన్న నోటితోనే ఆ తుపాను హెచ్చరికను నేను మైకులో చదివాను.

ఆ రోజు ఆయన వసారాలో, "అన్నా, క్షమించండి" అన్నాను. ఆయన క్షమించారు, మరుసటి వారము గుడికి వచ్చారు. అయితే మూడువందల మంది వింటుండగా అన్న మాటను ఇద్దరమే ఉన్నచోట వెనుకకు తీసుకొన్నాను. అది సరిపోదని నాకు అప్పుడే తెలుసు.

2014 జనవరి 5వ తేదీ కూడా ఆదివారమే. మన దేశములోనే చేసిన క్రయోజెనిక్ ఇంజనుతో జి.ఎస్.ఎల్.వి.-డి5 సాయంకాలము లేచింది, ఈసారి నిలిచింది. రెండు రోజుల తరువాత ఆయన జాంగిరీ పొట్లముతో పాస్టరేటుకు వచ్చారు. ఒకటి నా చేతిలో పెట్టి, "అయ్యగారూ, ఈ ఆదివారము దీన్ని గురించి ప్రసంగమేమైనా ఉందా?" అని అడిగారు. నవ్వుతూనే అడిగారు. నేనూ నవ్వి, లేదన్నాను. ఆ ఆదివారము నేను వేరే వాక్యమే తీసుకొన్నాను.

కనుక ఇన్నేండ్ల తరువాత ఈ మైకులో చెబుతున్నాను. 2010 డిసెంబరు 26న ఈ గుడిలో నేను బాబెలును గూర్చి చెప్పినది తప్పు. ఆ సహోదరుడు పని మానివేసి ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్నారు. నేడు ఈ కూటములోనే, కిటికీ ప్రక్కన కూర్చున్నారు. ఈ సంగతి ఎత్తుతానని ఆయనకు ముందుగా చెప్పలేదు. బయట టీ దగ్గర ఏమంటారో చూడాలి.