బాధ భాషలోనే చికిత్స



మానసిక చికిత్సను వృత్తిగా స్వీకరించిన మాకు మార్గదర్శకుడు ఫ్రాంజ్ ఫానన్. ఫ్రెంచి పాలనలోని అల్జీరియాలో, 1953లో ఆయన బ్లిడా ఆసుపత్రిలో చేరారు. యూరోపియన్ మహిళల వార్డులో ఫలించిన సామూహిక చికిత్స ముస్లిం పురుషుల వార్డులో విఫలమైంది. ఫానన్ రోగులను నిందించలేదు, తన పద్ధతినే ప్రశ్నించుకున్నారు. వారికి అలవాటైన కాఫీ దుకాణం తెరిపించారు. వారి పండుగలు జరిపించారు. కథలు చెప్పేవారిని రప్పించారు. సొంతగడ్డపైనే పరాయిగా బతికే మనిషికి వైద్యం ఒక్కటే చాలదని గ్రహించి 1956లో రాజీనామా చేశారు.

మన బస్తీలో భయంతో నిద్రపట్టని తల్లి తన గోడును ఉర్దూలోనైనా తెలుగులోనైనా చెప్పుకోగలగాలి. ఆమె బురఖాను కాక బాధను చూసే వైద్యులు కావాలి. ఇది దయ కాదు, ఆమె హక్కు. ఆ హక్కు కోసమే మేమీ వృత్తిలో ఉన్నాం.