ముక్కుకు దెబ్బ తగిలితే అడగవలసిన రెండు ప్రశ్నలు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)



నేను డాక్టరును కాను, ఉర్దూ మీడియం బడిలో పంతులును. అయినా ఈ విషయం ఎత్తుకోవడానికి కారణముంది. కొన్నేళ్ళ క్రితం మా బడిలో కబడ్డీ ఆడుతూ ఒక పిల్లవాడి ముక్కుకు గట్టి దెబ్బ తగిలింది. నేనే ఆసుపత్రి క్యాజువాలిటీకి తీసుకుపోయాను. నెత్తురు తుడిచారు, ఎక్స్‌రే తీశారు, "ఏమీ విరగలేదు మాస్టర్ సాబ్" అని బిళ్ళలిచ్చి పంపేశారు. ముక్కు లోపల ఎవరూ చూడలేదు. మళ్ళీ ఎప్పుడు రావాలో చెప్పలేదు, నేనూ అడగలేదు. మర్నాడు వాడు "రెండు వైపులా ఊపిరాడటం లేదు సార్" అంటే, వాపు తగ్గితే సరిపోతుందిలే అన్నాను. నెల తిరిగేసరికి ముక్కు మధ్యలో కుంగిపోయింది.

తర్వాత ఒక చెవి, ముక్కు, గొంతు డాక్టరుగారు విడమరచి చెప్పారు. రెండు రంధ్రాల మధ్య గోడలో ముందు భాగం మెత్తటి ఎముక. దానికి పోషణ పైపొర నుంచే అందుతుంది. దెబ్బకు ఆ పొర కింద నెత్తురు గూడు కట్టితే కొద్ది రోజుల్లోనే ఆ ఎముక చచ్చిపోవచ్చు, చీము కూడా పట్టవచ్చు. వెంటనే కోసి నెత్తురు తీసేస్తే ముక్కు దక్కుతుంది. ఇది ఎక్స్‌రేలో తేలదు. దీపం వేసి రెండు రంధ్రాలూ చూడాలి, తాకి చూడాలి.

రెండోది గడువు. మొదటి రోజు వాపులో వంకర తెలియదు. మూడు నుంచి అయిదు రోజుల్లో మళ్ళీ చూడాలి. వంకర ఉంటే పెద్దవాళ్ళకు రెండు వారాల లోపల, పిల్లలకు ఎముక త్వరగా అతుక్కుంటుంది కనుక వారం లోపల సరిచేయడం మంచిది. ఆలస్యమైతే పెద్ద ఆపరేషనే గతి.

క్యాజువాలిటీలో రద్దీ నాకు తెలియనిది కాదు. అందుకే నా సూచన చిన్నది. "లోపల చూశామా? తిరిగి రావలసిన తేదీ రాసిచ్చామా?" అని ఒక కాగితం గోడకు అంటించమని మన సంఘం తరఫున ఆసుపత్రులను కోరుదాం.

ఇంట్లో చేయవలసినదీ వినండి. నెత్తురు కారుతుంటే కూర్చోబెట్టి తల ముందుకు వంచి, ముక్కు మెత్తటి భాగాన్ని పది పదిహేను నిమిషాలు వదలకుండా నొక్కి పట్టండి. తల వెనక్కి వంచకండి. నీళ్ళలాంటిది కారినా, స్పృహ తప్పినా, ముక్కు మూసుకుపోయినా, నొప్పి పెరిగినా, జ్వరం వచ్చినా తెల్లవారేదాకా ఆగకండి.

ఆ పిల్లవాడు ఇప్పుడు పెద్దవాడు. ఫొటో అంటే మొహం పక్కకు తిప్పుకుంటాడు. పిల్లలను రోజూ ప్రశ్నలడిగే పంతులును, ఆ రోజు అడగవలసిన రెండు ప్రశ్నలు అడగలేకపోయాను. మీరు అడగండి. సెలవు.