చెరువు చేప – బీదవాని కంచము



జలమే మనకుఁ బొలము. వలయే మనకు నాఁగలి. అయితే మనము పట్టిన చేప యెవరి కంచమునకుఁ జేరుచున్నదో నేఁడు విచారింపవలసియున్నది.

పూర్వము చేపపిల్లలకై ఏటివరదలనే నమ్ముకొనెడివారము. 1957 జూలై 10వ తేదీన డాక్టరు హీరాలాల్ చౌధురిగారు ఒడిస్సాయందు పిట్యూటరీ గ్రంథిరసమును సూదితో నెక్కించి పెంపుడు చేపలచే గ్రుడ్లు పెట్టించిరి. నాఁటినుండి విత్తనము మన చేతికి వచ్చినది. పైనీట మేయు బొచ్చె, నడిమినీట మేయు శీలావతి, అడుగున మేయు ఎఱ్ఱమోసు ఒకదాని మేత కొకటి యడ్డురాక యొకే చెరువునఁ బెరుగును. తెలంగాణమున 2016లో ప్రభుత్వము చెరువులకుఁ జేపపిల్లల నుచితముగా నిచ్చుట యారంభించెను. కొల్లేటిప్రాంతపు చేప మంచుపెట్టెలలో అస్సామువఱకుఁ బోవుచున్నది.

అయినను పట్టణపు కూలివాడలలోఁ జేప పండుగకూడే. కారణమేమి? వలకై దళారివద్ద అప్పు తెచ్చినవాఁడు అతఁడు చెప్పిన ధరకే చేప నీయవలసివచ్చుచున్నది. నాలుగుచేతులు మాఱి బీదయింటికిఁ జేరునప్పటికి ధర పెరుగును, తాజాతనము తరుగును. పట్టినవాఁడును, కొన్నవాఁడును నష్టపడుచున్నారు.

కావున నా మనవి యిది. మన సహకారసంఘములు ప్రతిపట్టుబడిలోఁ గొంతభాగమును తట్టలెత్తి యమ్ముకొను మన స్త్రీలకే యిచ్చి, వారికి మంచుపెట్టెలు సమకూర్పవలయును. చిన్నచేపలను వారు కూలివాడలలోనే సరసమైన ధరకు అమ్ముదురు. దాతలు సంఘభవనమున కిచ్చు విరాళములో నొకపాలు వలల యప్పులకై నిధిగా నుంచవలయును. అప్పుడుగాని దళారి పట్టు వదలదు.

బీదబిడ్డ కంచమున వారమున కొక్కసారియైనఁ జేపముక్క పడిననాఁడే మన కులవృత్తి సార్థకము.