తడి వేలు టెస్ట్: పెడన అచ్చుతో బారసాల ట్యాగ్స్

మధ్యలో కుక్కర్ విజిల్ వినిపిస్తే పట్టించుకోకండి, మా ఇంట్లో ఈ టైమ్‌కి అంతే.

ఈరోజు మా అక్క కొడుకు బారసాలకి 60 ట్యాగ్స్ చేస్తున్నాను. తాంబూలం కవర్లకి కడతాం కదా, అవి. ఇది నాకు మామూలు వీడియో కాదండీ. ఎందుకో చెప్తాను.

అక్క సీమంతానికి కూడా నేనే చేశాను, 120 ట్యాగ్స్. మెరుస్తుంది కదా అని గ్లాసీ కార్డు కొన్నాను. రబ్బరు స్టాంపుని ఆఫీసుల్లో వాడే ఊదా రంగు ఇంక్ ప్యాడ్ మీద అద్ది టకటకా కొట్టేశాను. ఫొటోల్లో భలే ఉన్నాయి. ఫంక్షన్ రోజేమో ఒకటే ఉక్క. అందరి చేతులకీ చెమట, గంధం. మధ్యాహ్నానికి ఇంకంతా చేతులకి వచ్చేసింది. మా పెద్దమ్మ లేత పసుపు పట్టుచీర కుచ్చిళ్ల మీద ఇంత ఊదా మరక! పెద్దమ్మ ఒక్క మాట అనలేదు. అమ్మ మాత్రం లోపలి గదిలో కూర్చుని మిగిలిన కవర్ల ట్యాగ్స్ ఒక్కొక్కటే తెంపేస్తోంది. నేను గుమ్మంలో నిలబడి చూశాను. ఆ తర్వాత చాలా రోజులు స్టాంపుల డబ్బా తెరవలేదు.

మొన్న అక్కే ఫోన్ చేసి, "ట్యాగ్స్ నువ్వే చెయ్యవే" అంది. మళ్లీ మరకైతే ఎలాగే అంటే, "నా చీర మీదే అవనీలే" అంది. ఇంకేం చెప్తాను!

అసలు అప్పుడు ఏం జరిగిందంటే, ఆ ప్యాడ్ ఇంక్ కాగితంలోకి ఇంకితేనే ఆరుతుంది. గ్లాసీ కార్డుకి పైన పూత ఉంటుంది, ఇంక్ లోపలికి దిగదు. పైపైనే ఉండిపోతుంది. అది నీళ్లతో చేసిన ఇంక్ కాబట్టి తడి తగలగానే కరిగిపోతుంది. తప్పు స్టాంపుది కాదు, జోడీది అన్నమాట.

అందుకే ఈసారి మెరుపులేని మ్యాట్ కార్డు, 300 జీఎస్ఎం. మనం జిరాక్స్‌కి వాడే కాగితం 75, 80 ఉంటుంది, అది ట్యాగ్‌కి వంగిపోతుంది. 5 సెంటీమీటర్ల వెడల్పు, 9 పొడవు పెట్టుకుంటే ఒక ఏ4 షీట్‌లో 12 వస్తాయి. 60కి 5 షీట్లు. నేను 6 తీసుకున్నా, నా చేతుల సంగతి నాకు తెలుసు.

ఇప్పుడు అసలు హీరో. ఇదిగో, మామిడి పిందె అచ్చు. టేకు చెక్క. బందరు వెళ్లినప్పుడు పెడనలో కొన్నాను. కలంకారీ బట్టల మీద అద్దకం వేస్తారే, ఆ అచ్చులే. ఇంటికి తెచ్చి గట్టి టేబుల్ మీద కొడితే సగం డిజైన్ పడింది, సగం లేదు. అప్పుడు గుర్తొచ్చింది, అక్కడ అద్దకం బల్లల మీద గోనెపట్టా, బట్ట పొరలు పొరలుగా పరిచి ఉన్నాయి. నేనేమో అది బల్ల పాడవకుండా అనుకున్నాను! కింద మెత్తగా ఉంటేనే అచ్చులో ప్రతి గీతా కాగితానికి తగులుతుంది. నేను పాత దుప్పటి నాలుగు మడతలు వేశాను, పైన ఒక న్యూస్‌పేపర్. చూడండి తేడా.

రంగు యాక్రిలిక్ పెయింట్. ఆరాక నీళ్లకి కరగదు, నాకు కావాల్సింది అదే. బ్రష్‌తో పూయకండి, చెక్కిన సందుల్లోకి వెళ్లిపోయి ముద్దగా పడుతుంది. ప్లేట్‌లో పల్చగా పరిచి, స్పాంజ్ ముక్కతో అచ్చు మీద తట్టండి. కాగితం మీద పెట్టి, పైన పిడికిలితో ఒక్క దెబ్బ. కదపకుండా నిటారుగా పైకి లేపాలి. మొదటి రెండు మూడు వెలిసిపోయినట్టు వస్తాయి, పొడి చెక్క రంగు పీల్చేస్తుంది. అవి రఫ్ పేపర్ మీద కొట్టేయండి.

ఒక్క జాగ్రత్త. పని మధ్యలో ఫోన్ వచ్చిందని వెళ్లిపోతే అచ్చు గోవిందా. యాక్రిలిక్ సందుల్లో ఆరిందంటే రాదు. పాత టూత్‌బ్రష్, తడి గుడ్డతో వెంటనే తుడిచేయండి. బకెట్లో నానబెట్టకండి, చెక్క పగులుతుంది.

చాలామంది ఎంబాసింగ్ పౌడర్ అడుగుతున్నారు. దానికి మెల్లగా ఆరే పిగ్మెంట్ ఇంక్, హీట్ గన్ కావాలి. హెయిర్ డ్రయ్యర్ పెట్టకండి, నేను పెట్టాను, పౌడరంతా గదిలో ఎగిరింది. అది ఇంకోసారి చూద్దాం.

ఇవి రాత్రంతా ఫ్యాన్ కింద ఆరినవి. ఇప్పుడు టెస్ట్. వేలు తడి చేసి, కొంచెం గంధం కూడా రాసుకున్నా. గట్టిగా రుద్దుతున్నా... ఇదిగో తెల్ల రుమాలుకి తుడుస్తున్నా. గంధం తప్ప ఏమీ లేదు. హమ్మయ్య!

ఇంక కత్తిరించి, పంచ్‌తో చిల్లు, ఎర్ర దారం. పసుపు రాసిన దారం అనుకున్నా గానీ పసుపూ అంటుతుంది కదా, వద్దులెండి.

పెద్దమ్మ కవర్‌కి కట్టే ట్యాగ్ మాత్రం విడిగా తీసిపెట్టాను, మూడుసార్లు రుద్ది చూసి మరీ. బారసాల ఆదివారం. ఏమైందో వచ్చే వీడియోలో చెప్తా. ఉంటానండీ, కుక్కర్ దించాలి.