క్రొత్తవానికి దారిచెప్పు పుస్తకము



విశాఖపట్టణపు రేవునకు వచ్చు పెద్ద యోడ తనంతట తాను లోపలికి రాదు. డాల్ఫిన్స్ నోస్ అను కొండ ప్రక్కనున్న యిఱుకు కాలువలో ప్రవేశింపకముందే రేవువారి పైలటు చిన్న పడవమీద పోయి యోడ నెక్కును. కెప్టెనుకు సముద్రము క్రొత్త కాదు. ఎన్నియో సముద్రములు దాటి వచ్చినవాడే. ఐనను ఈ నీరు అతనికి క్రొత్త. ఎచ్చట లోతు, ఎచ్చట ఇసుకమేట, గాలి యే వైపునుండి త్రోయును అను సంగతులు ఇచ్చటివాడు చెప్పవలసినదే. పైలటు అతనికి ఓడ నడుపుట నేర్పడు, తెలియనందులకు ఎగతాళియు చేయడు. ఇప్పుడు ఎడమకు, ఇప్పుడు మెల్లగా అని మాత్రము చెప్పును.

నేడు నేను చెప్పదలచినది ఓడలను గూర్చి కాదు, కంప్యూటరులను గూర్చి. మీ గ్రామమున ఉన్నత పాఠశాలలోనో, సహకార సంఘములోనో, పంచాయతీ కార్యాలయములోనో ఆ యంత్రము కలదు. దానికి పని చెప్పు ఆజ్ఞల సముదాయమును సాఫ్ట్‌వేరు అందురు. కొందఱు వర్తకులు ఆ యాజ్ఞలను రహస్యముగా నుంచి, వాడుకకు మాత్రము రుసుము పుచ్చుకొందురు. మఱికొందఱు వానిని బహిరంగముగా నుంచి, చదువుడు, మార్చుకొనుడు, పొరుగువారికి పంచుడు అని వ్రాసి యిత్తురు. ఈ రెండవ తెగకు ఓపెన్ సోర్సు అని పేరు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు అనియు అందురు. అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ అను ప్రయత్నమును ప్రకటించెను. 1991లో ఫిన్లండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ అనుదానిని వెలువరించెను. మీ మనుమని చేతిలోని ఆండ్రాయిడ్ ఫోనునకు అడుగున నున్నదియు ఆ లినక్సే.

ఇంతటి దానము ఊరక దొఱకుచుండగా అది మన బడులలో నేల మూలబడుచున్నది? నేను చూచిన యొక పల్లెటూరి పాఠశాలలో ఎనిమిది కంప్యూటరులు దుప్పట్లు కప్పుకొని యుండెను. ఒక్కటియు చెడలేదు. లినక్సు వేసి యిచ్చిన దాత వెడలిపోయెను, చూపువాడు లేడు, తోడనున్న సహాయపు పుటలు ఇంగ్లీషులో నుండెను. బడిలో ఇంగ్లీషు చక్కగా వచ్చిన మాష్టారొకరు వానిని చదివిచూచిరి. ఆయనకు భాష తెలిసినది, సంగతి తెలియలేదు. మొదటి వాక్యముననే టెర్మినల్ తెఱచి, రూటు అనుమతితో ప్యాకేజీని స్థాపింపవలెనని యుండెను. ఆ మూడు మాటలును ఆయన విన్నవే. రూటనగా బస్సు పోవు దారి, ప్యాకేజీ యనగా మూట, టెర్మినల్ అనగా రైలు నిలుచు కడపటి చోటు. పదవ తరగతి పిల్లలు రెండు జట్లవారు ఆ దుప్పట్లను చూచుచునే బడి విడిచిరి. ఊరక వచ్చినది పనికిరానిదను మాట మాత్రము ఊరిలో నిలిచిపోయినది. నాకు ఎక్కువ బాధ కలిగించినది ఆ మాటయే.

వ్రాసినవారు చెడ్డవారా? కారు. యూనిక్స్ అను పూర్వపద్ధతికి కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యనువారు 1971 నవంబరులో మొదటి మాన్యుయలు కూర్చిరి. అది తోడి పనివారికై వ్రాసినది. ప్రతి యాజ్ఞకు ఒక పుట, నిఘంటువు వరుసను. పని తెలిసినవానికి అది బంగారము. కాని శబ్దరత్నాకరము ముందు పెట్టి పసివానికి అక్షరములు దిద్దింపము గదా! పెద్దబాలశిక్ష వేఱు, శబ్దరత్నాకరము వేఱు. మొదటి దానితో పనిలేని పండితులు రెండవ దానినే వ్రాయుచు పోయిరి. బాలశిక్ష వ్రాయువాడు కఱవయ్యెను. ఈ విషయమును చక్కగా తర్కించిన డానియేలే ప్రోచీడా అను నాయన సాఫ్ట్‌వేరు పుస్తకములను నాలుగు తెగలుగా విభజించెను: చేయిపట్టి నేర్పునది, ఒక పని సాధించు తెఱగు చెప్పునది, వెదకి చూచుకొనునది, కారణము వివరించునది. నాలుగిటిని ఒక్క కుండలో వండినచో ఎవరి యాకలియు తీఱదని ఆయన వాదము. నాకది సరియనియే తోచుచున్నది.

గిట్‌హబ్ అను సంస్థవారు 2017లో ఓపెన్ సోర్సు పనివారిని ప్రశ్నింపగా, వివరణ పుస్తకములు అసంపూర్ణములుగనో పాతబడియో యుండుట తాము చూచుచున్నామని నూటికి 93 మంది చెప్పిరి. ఐనను వానిని వ్రాయుట తమకు అరుదు, లేక లేనేలేదు అని నూటికి 60 మంది యొప్పుకొనిరి. రోగము ఎల్లరకును తెలియును. మందు నూఱువారే లేరు.

ఇక భాష మాట. ఇరువదవ శతాబ్ది తొలినాళ్ళలో ఇట్టి చిక్కే మన యీ ప్రాంతమున మఱియొక రూపమున వచ్చినది. పాఠశాలల తనిఖీ అధికారియైన యేట్స్ దొర, విశాఖపట్టణమున ఎ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాసయ్యంగారు, పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు, విజయనగరమున గురజాడ అప్పారావుగారు కలిసి, బడిపుస్తకముల తెనుగు పిల్లలకు తెలియు తెనుగు కావలెనని పట్టుబట్టిరి. ఆ సంగతిని వీడు గ్రాంథికమున చెప్పుచున్నాడేమి యని మీలో కొందఱు నవ్వుచుందురు. నవ్వుడు. ఉపన్యాసమునకు ఈ యుడుపు చెల్లును. యంత్రము ముందు కూర్చున్న బాలునికి మాత్రము 'ఇక్కడ నొక్కు' అన్న చాలును.

మాటలను గూర్చి పండితులు ఇంకను పోరాడుచున్నారు. ప్రతి యింగ్లీషు మాటకును సంస్కృత సమాసమొకటి కట్టవలెనని కొందఱు. ఏమియు మార్చరాదని కొందఱు. రేవులో పనిచేయువారి నడుగుడు. లంగరు, సరంగు, కలాసి యను మాటలు ఎక్కడివని వారెన్నడును విచారింపలేదు. పని జరిగిన చాలును. ఉక్కు కర్మాగారమున 1990లో మొదటి బ్లాస్ట్ ఫర్నేసును వెలిగించినప్పుడు దానికి గోదావరి యని పేరిడిరి, తరువాతి దానికి కృష్ణ యని. పేరు మనది, ఫర్నేసు మాట మాత్రము పనివాని నోట ఎట్లున్నదో అట్లే నిలిచినది. 2003 డిసెంబరున మొదలైన తెలుగు వికీపీడియాలో ఫైలును దస్త్రము అందురు. 1984లో ఆ యుద్యోగము రద్దగువఱకు కరణముగారి చంకలో నుండినది ఆ దస్త్రమే. అదియు పారసీకుల మాటయే. పెద్దలకు దస్త్రము వినగానే బోధపడును, కుఱ్ఱవారికి ఫైలు బోధపడును. ఏది వాడినను చిక్కు లేదు. తెరమీద నొకటి, పుస్తకమున మఱియొకటి యున్నచో అప్పుడే చిక్కు. క్రొత్తవాడు పుస్తకములోని మాటను తెరమీద అక్షరమక్షరము వెదకును. దొఱకనిచో తప్పు తనదేయని తలచి లేచిపోవును.

మన లిపికి కంప్యూటరులలో చోటు లేక కాదు. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పుననే తెలుగున్నది. హైదరాబాదునందలి స్వేచ్ఛ అను సంఘమువారు తెలుగున నడచు లినక్సును కూర్చిరి. పుస్తకమును అనువదించుటకు ఎవరి యనుమతియు అక్కఱలేకుండ 2000లో స్టాల్‌మన్ పక్షమువారు గ్నూ పేరనే పుస్తకములకు ప్రత్యేకమైన యొడంబడిక పత్రమును ప్రకటించిరి. ఆ పత్రముతో వచ్చిన పుస్తకమును మీ గ్రంథాలయమువారు తెనిగించి యిరువది ప్రతులు అచ్చువేసికొనవచ్చును. మూలకర్త పేరును, ఆ షరతులను నిలుపవలెను. రుసుము పుచ్చుకొను వర్తకుని సరకునకు తెలుగు పుస్తకము కావలెనన్న, ఆయన దయ కలుగువఱకు ఎదురుచూడవలెను. ఇచ్చట మన సోమరితనమే అడ్డము.

పొరుగున కేరళీయులు ఏమి చేసిరో చూడుడు. 2001లో ఐ.టి. అట్ స్కూల్ అను పథకమును మొదలిడి, క్రమముగా తమ బడులను స్వేచ్ఛా సాఫ్ట్‌వేరునకు మరల్చిరి. ఉపాధ్యాయులకు శిక్షణ యిచ్చిరి. మలయాళమున పాఠ్యపుస్తకములు అచ్చువేసిరి. యంత్రముతో పాటు పుస్తకము పంపిరి, పుస్తకముతో పాటు మనిషిని పంపిరి.

పుస్తకము వ్రాసినంత మాత్రమున పని తీఱదు. మన తీరము వెంబడి సముద్రము ఏటేట ఇసుకను దక్షిణమునుండి ఉత్తరమునకు ఈడ్చుచుండును. రేవు కట్టునాడు రెండు పాత యోడలను ముంచి అలలకు అడ్డు పెట్టిరి. 1933 డిసెంబరున రేవు తెఱచిరి. ఐనను ఇసుక త్రవ్వుట నేటికిని మానలేదు. మానినచో కాలువ పూడును. పుస్తకమునకును అంతే. ఉబుంటు అను లినక్సు 2004నుండి ఆఱునెలల కొక క్రొత్త కూర్పును తెచ్చుచున్నది. నిరుడు ఎడమనున్న మీట ఈయేడు క్రిందికి దిగును. నిరుటి పుస్తకము అబద్ధమగును. కావున ప్రతి పుట నెత్తిన, ఇది ఏ కూర్పునకు, ఏ నెలలో సరిచూడబడినది అని వ్రాయవలెను. బడులకైనచో రెండేండ్ల కొకసారి వచ్చి, అయిదేండ్లు పోషింపబడు కూర్పునే యెన్నుకొనుట మేలు. త్రవ్వవలసిన ఇసుక కొంత తగ్గును.

నేనును కొందఱు మిత్రులును ఈ పట్టణమున సహాయపు పుటలను తెనిగించుచున్నాము. మాకు కావలసిన సహాయము మీవంటి వారివలననే కలుగును. పుస్తకమును కంప్యూటరు తెలియని పెద్దమనిషి చేతి కిత్తుము. యంత్రము ముందు కూర్చుండబెట్టుదుము. మేము నోరు మూసికొని ప్రక్కన నుందుము. ఆయన యెచ్చట ఆగునో అచ్చట గీత గీయుదుము. పలుకక కూర్చుండుట మహా కష్టము. చేయి చాపి చూపవలెనని ప్రాణము కొట్టుకొనును. చూపితిమా, పరీక్ష చెడినట్లే. ఒక గ్రంథాలయమున ఒక తాతగారి కిట్లే యొక పుస్తకము నిచ్చితిమి. అది యెవరో పూర్వము తెనిగించినది. అందు తెరమీద కుడి క్లిక్కు చేయుమని యుండెను. ఆయన కండ్లజోడు సవరించుకొని, తెరకు కుడి ప్రక్కను, అంచున, జాగ్రత్తగా క్లిక్కు చేసిరి. ఏమియు జరుగలేదు. మరల చేసిరి. వాక్యము చెప్పినది చెప్పినట్లు చేసిరి గదా! ఇప్పు డచ్చట, మౌసుమీద రెండు మీటలున్నవి, అందు కుడిచేతివైపు మీటను నొక్కుము అని యున్నది. ప్రక్కను మౌసు బొమ్మ యొకటి యున్నది. ఆ బొమ్మ ఆయన కోరినదే.

మీ గ్రంథాలయమున కంప్యూటరు ఉన్నచో ఒక ఆదివారము మధ్యాహ్నము రెండు గంటల కాలము చాలును. అయిదుగురు పెద్దలు, ఒక్కొక్కరు వేఱువేఱుగ కూర్చుండవలెను. ఒకరు చేయుచుండగా మఱియొకరు చెప్పరాదు. ఎవరు ఏ వాక్యమువద్ద ఆగినది వ్రాసికొనుటకు ఒక బడిపిల్లను పెట్టుడు. ఆ కాగితమును పుస్తకము వ్రాసినవారికి పంపుడు. చిరునామా పుస్తకపు మొదటి పుటలోనే యుండును.